హైదరాబాద్ – శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం ఒకటే అయినప్పుడు ప్రయాణ సమయం ఎందుకు మారుతోంది?

ఫ్రీమాంట్ అమ్మాయి — నవంబరు 18

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు జనవరి రెండో వారంలో శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మొదటిసారి వస్తున్నారు. నాన్నగారికి 71 ఏళ్లు, అమ్మకు 66. నాన్నగారు ఆర్టీసీలో డిపో కంట్రోలరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎన్ని కిలోమీటర్లు, ఎంత సేపు అన్న లెక్క తేలందే ఆయన ఏ ప్రయాణానికీ బయలుదేరరు. నిన్న ఫోనులో ఆయన అడిగిన ప్రశ్నలకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

విమానాశ్రయాల మధ్య దూరం చెప్పే ఒక వెబ్‌సైట్‌లో హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,540 కిలోమీటర్లనీ, ప్రయాణ సమయం 15 గంటల 30 నిమిషాలనీ ఉంది. నేను చూసిన టికెట్లలో ఢిల్లీ మీదుగా వెళ్లేదానికి 22 గంటల 45 నిమిషాలు, దుబాయ్ మీదుగా వెళ్లేదానికి 22 గంటల 10 నిమిషాలు చూపిస్తున్నారు. మధ్యలో ఆగే సమయం ఉంటుందని తెలుసు, కానీ అది ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. ఎందుకంటే ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానానికే వచ్చేటప్పుడు 15 గంటల 30 నిమిషాలు, తిరిగి వెళ్లేటప్పుడు 16 గంటల 45 నిమిషాలు రాశారు. "వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటే అయినప్పుడు గంటంబావు తేడా ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని నాన్నగారు అడిగారు.

పెద్దవాళ్లకు ఏ దారి నయమో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.


దారంబంతి — నవంబరు 18

నేను ముప్ఫై ఏళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను. మీ నాన్నగారి ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. దూరం సంగతి నేను చెబుతాను, సమయం సంగతి తెలిసినవారు వేరే ఉన్నారు.

వెబ్‌సైట్ చెప్పిన 13,540 కిలోమీటర్లు ఏ విమానమూ ఎగిరి కొలిచిన దూరం కాదు, భూగోళం మీద రెండు బిందువుల మధ్య ఉండే అతి దగ్గరి దూరం. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 37.62 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 122.38 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉంది. ఇంట్లో గ్లోబు ఉంటే ఈ రెండు చోట్లా వేళ్లు పెట్టి మధ్యన ఒక దారాన్ని బిగించి చూడమనండి. ఆ దారం తూర్పు వైపు పసిఫిక్ మీదుగానో పడమర వైపు అట్లాంటిక్ మీదుగానో పోదు. చైనా, సైబీరియాల మీదుగా ఉత్తరానికి ఎక్కి, ఆర్కిటిక్ వలయాన్ని దాటి, అలాస్కా మీదుగా, కెనడా పడమటి తీరం పక్కగా కిందికి దిగుతుంది. దీన్నే మహావృత్త మార్గం అంటారు. గోడ మీద వేలాడే పటంలో ఈ దారి పెద్ద విల్లులా వంగి, చుట్టుదారిలా కనిపిస్తుంది. గుండ్రటి భూమిని చదునుగా పరిచినందువల్ల వచ్చిన వంకర అది.

ఢిల్లీ నుంచి లెక్క వేస్తే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. మహావృత్తం మీద ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. అదే దూరాన్ని 33వ అక్షాంశం వెంట తిన్నగా తూర్పుకు కొలిస్తే 15,000 కిలోమీటర్ల దాకా వస్తుంది. పటం మీద స్కేలు పెట్టి గీసిన "తిన్నని" గీతే రెండున్నర వేల కిలోమీటర్ల చుట్టు అన్నమాట.

ఇక మధ్యలో ఆగే ఊళ్ల సంగతి. శంషాబాద్ నుంచి ఢిల్లీ సుమారు 1,265 కిలోమీటర్లు. ఈ రెండూ కలిపితే 13,645 అవుతుంది. అంటే ఢిల్లీలో దిగి ఎక్కినందువల్ల నేరు దూరానికి నూరు కిలోమీటర్లకు కాస్త పైన మాత్రమే కలుస్తోంది. ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది. హాంకాంగ్ మీదుగా అయితే సుమారు 14,880, దుబాయ్ మీదుగా 15,570, లండన్ మీదుగా 16,365, సింగపూర్ మీదుగా 16,900 కిలోమీటర్లు.


పాలమూరు పాఠకుడు — నవంబరు 18

మాస్టారి వివరణ చాలా బాగుంది. గంటంబావు తేడాకు నాకు తెలిసిన కారణం చెబుతాను, తప్పయితే దిద్దండి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా. అమెరికా నుంచి పడమర దిశగా వచ్చే విమానానికి ఢిల్లీ ఎదురొస్తుంది కాబట్టి ఆ ప్రయాణం తొందరగా ముగియాలి, తూర్పుకు వెళ్లే విమానం భూమిని తరుముకుంటూ పోవాలి కాబట్టి దానికి ఎక్కువ సమయం పట్టాలి. కానీ టికెట్టులో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. అందువల్ల నా అవగాహనలోనే ఏదో లోపం ఉందని అనుమానం వచ్చి అడుగుతున్నాను.


రన్‌వే_09 — నవంబరు 19

నేను ఒక విమానయాన సంస్థలో ఫ్లైట్ డిస్పాచ్ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రతి విమానం బయలుదేరే ముందు అది ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి, గాలులు ఎలా ఉన్నాయి అన్నది లెక్క గట్టడమే మా పని. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు పాలమూరు పాఠకుడు గారి సందేహం. భూమి ఒక్కటే తిరగడం లేదు, దాని మీదున్న గాలి కూడా దాంతో పాటు తిరుగుతోంది. పరుగెత్తే రైలులో కూర్చుని బంతిని పైకి ఎగరేస్తే మళ్లీ మన చేతిలోనే పడుతుంది, వెనక బోగీలోకి పోదు. విమానం ఈదేది ఆ గాలిలోనే కాబట్టి భూభ్రమణం వల్ల ఊరు ఎదురు రావడమూ ఉండదు, దూరం పోవడమూ ఉండదు. అయితే భూభ్రమణానికి పరోక్షంగా ఒక పాత్ర ఉంది. ఉష్ణమండలం నుంచి ధ్రువాల వైపు కదిలే గాలిని తూర్పుకు మళ్లించేది అదే. ఆ మళ్లింపు వల్లనే మధ్య అక్షాంశాలలో, నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలుల నదులు ఏర్పడతాయి. వాటినే జెట్ స్ట్రీములు అంటాం. సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తు కూడా అదే.

ఈ గాలులు చలికాలంలో బలంగా, వేసవిలో బలహీనంగా ఉంటాయి. జపాన్ మీద జనవరిలో వీచే జెట్ స్ట్రీము ప్రపంచంలోకెల్లా బలమైన వాటిలో ఒకటి. ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. వీటిని మొదట పద్ధతిగా కొలిచినది కూడా ఒక జపాను వాతావరణ శాస్త్రజ్ఞుడే. 1920ల్లో తతెనో పరిశోధనశాల నుంచి బెలూన్లు ఎగరేసి ఈ గాలుల్ని కొలిచిన వాసాబురో ఓయిషి, ప్రపంచమంతా చదవాలన్న కోరికతో తన ఫలితాలను, అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో ప్రచురించారు. ఆ భాష వచ్చినవారు తక్కువ కాబట్టి చాలా ఏళ్లు ఎవరి దృష్టికీ రాలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు మీ నాన్నగారి కోసం లెక్క. గాలి లేనప్పుడు పెద్ద విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుందనుకుందాం. 12,400 కిలోమీటర్లకు 13 గంటల 47 నిమిషాలు. వెనక నుంచి సగటున 100 కిలోమీటర్ల గాలి తోస్తే నేల మీద లెక్కకు వేగం 1,000 అవుతుంది, సమయం 12 గంటల 24 నిమిషాలకు తగ్గుతుంది. అదే గాలి ఎదురైతే వేగం 800, సమయం 15 గంటల 30 నిమిషాలు. గమనించండి, గాలి కలిసొచ్చినప్పుడు మిగిలింది గంటా 23 నిమిషాలు, ఎదురైనప్పుడు పోయింది గంటా 43 నిమిషాలు. ఎదురుగాలిలో వేగం తగ్గడమే కాకుండా, ఆ గాలిలో ఎక్కువ సేపు ఉండవలసి కూడా వస్తుంది కాబట్టి నష్టం లాభం కన్నా ఎప్పుడూ ఎక్కువే. అందుకే తిరుగు ప్రయాణంలో మేము గాలి తక్కువగా ఉన్న దారిని వెతుక్కుంటాం. మీ టికెట్టులోని గంటంబావు తేడా అలా వెతుక్కున్న తరవాత కూడా మిగిలినది.

ఇక టికెట్టు మీద రాసే సమయాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాం. గేటు దగ్గర చక్రాల కింద పెట్టిన అడ్డుకట్టెలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి గేటు దగ్గర మళ్లీ ఆగిన క్షణం దాకా అది లెక్క. నాన్నగారికి ఇలా చెప్పండి: బస్సు స్టేషన్లో ప్లాట్‌ఫారం వదిలినప్పటి నుంచి అవతలి ఊళ్లో ప్లాట్‌ఫారానికి చేరేదాకా వేసే లెక్క ఇది, ఊరు దాటి హైవే ఎక్కినప్పటి నుంచి వేసేది కాదు. రన్‌వే దాకా వెళ్లడం, వరసలో నిలవడం, దిగే ముందు చక్కర్లు కొట్టడం అన్నీ ఇందులోకి వస్తాయి. పెద్ద విమానాశ్రయాలలో ఈ పనులకే అరగంట నుంచి ముప్పావుగంట పోతుంది. వెబ్‌సైట్లు మాత్రం దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపి అంకె చూపిస్తాయి. 13,540ని 900తో భాగించి అరగంట కలిపితే దాదాపు మీరు చూసిన 15 గంటల 30 నిమిషాలే వస్తుంది. అసలు శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరు విమానమే లేదన్న సంగతి ఆ లెక్కకు తెలియదు.


కృష్ణలంక — నవంబరు 19

నేను మా అబ్బాయి దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ దుబాయ్ మీదుగానే. మాస్టారి లెక్క ప్రకారం అది దాదాపు రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ, కానీ టికెట్టులో సమయం చూస్తే అరగంట తక్కువే ఉంది కదా. దుబాయ్‌లో రెండు గంటలే ఆగాలి, ఢిల్లీలో ఐదు గంటలు పడిగాపులు పడాలి. సామాను శంషాబాద్‌లో ఇస్తే శాన్‌ఫ్రాన్సిస్కోలోనే చేతికి వచ్చింది. నా ఓటు దుబాయ్‌కే.

ఒక విషయం మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సీటు ముందు తెర మీద పటం చూస్తూ ఉంటే విమానం దుబాయ్ నుంచి ఉత్తరానికి, ఇంకా ఉత్తరానికి పోతూనే ఉంది, అమెరికా వైపు తిరగనే లేదు. కిందంతా తెల్లటి మంచు.


దారంబంతి — నవంబరు 19

కృష్ణలంక గారూ, మీరు చూసింది భూమి కొప్పు. దుబాయ్ 55వ తూర్పు రేఖాంశం మీద ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో 122వ పశ్చిమ రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 178 డిగ్రీలకు చేరువ. అంటే ఒకదానికొకటి దాదాపు సరిగ్గా భూగోళానికి అవతలి వైపున ఉన్నాయి. అటువంటి రెండు చోట్లను దారంతో కలిపితే అది ధ్రువాన్ని తాకీ తాకనట్టు పోతుంది. లెక్క ప్రకారం ఆ మహావృత్తం ఉత్తర ధ్రువానికి సుమారు 200 కిలోమీటర్ల దగ్గరికి వెళుతుంది. విమానం "అమెరికా వైపు" తిరగనవసరం లేదు. ధ్రువాన్ని దాటగానే ఉత్తరానికి పోతున్న విమానమే దిక్కు మార్చకుండా దక్షిణానికి పోతున్నట్టు అవుతుంది. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం కోసమే నేను ఏటా ఈ పాఠం కోసం ఎదురుచూసేవాణ్ణి.


ఫ్రీమాంట్ అమ్మాయి — నవంబరు 20

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన పాత గ్లోబు కిందికి దించి, అమ్మ కుట్టుపెట్టెలోని దారంతో నిజంగానే కొలిచారు. ఆ తరవాత మరో ప్రశ్న వేశారు. ఢిల్లీ నుంచి దారం ఉత్తరానికి 75 డిగ్రీల దాకా ఎక్కుతోంది. నేను పోయినేడాది అదే విమానంలో వచ్చినప్పుడు మాత్రం తెర మీద చైనా, జపాన్, ఆ తరవాత అంతా పసిఫిక్ మహాసముద్రం కనిపించాయి. దగ్గరి దారి అది అయినప్పుడు ఈ దారిన ఎందుకు వెళ్లారు?


రన్‌వే_09 — నవంబరు 20

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ ప్రశ్నలో మా వృత్తి మొత్తం ఉంది.

ఢిల్లీ నుంచి మహావృత్తం వెంట బయలుదేరితే మొదట ఎదురయ్యేది హిమాలయాలు, వాటి వెనక టిబెట్ పీఠభూమి. పీఠభూమి సగటు ఎత్తే సముద్రమట్టానికి నాలుగున్నర వేల మీటర్లు. విమానం అంతకు రెట్టింపు ఎత్తులో ఎగురుతుంది కాబట్టి కొండలు తగులుతాయన్న భయం లేదు. చిక్కు వేరే ఉంది. క్యాబిన్లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. తల మీద వేలాడే మాస్కులలో ప్రయాణికులకు సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాలకు సరిపడే ఆక్సిజనే ఉంటుంది. టిబెట్ మీద దిగడానికి 3,000 మీటర్ల ఎత్తు అనేదే లేదు, నేలే అంతకన్నా పైన ఉంది. అందువల్ల ప్రత్యేక ఏర్పాట్లు ఉంటే తప్ప ఆ ప్రాంతాన్ని పక్కనుంచి చుట్టుకు పోవలసిందే.

రెండోది, ధ్రువప్రాంతం. అక్కడ అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు బహు తక్కువ. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడుగునా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఇంధనం గడ్డకట్టే ఉష్ణోగ్రతను కూడా కనిపెట్టి ఉండాలి; మన దేశంలో నింపే జెట్ ఏ-1 రకానికి ఆ హద్దు సున్నాకు 47 డిగ్రీలు తక్కువ. ఇవేవీ దాటరానివి కావు. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 17 గంటలలో బెంగళూరు చేరిన ఎయిరిండియా విమానాన్ని నడిపినవారందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించిన ఆ బృందంలో మన పాపగారి తన్మయి కూడా ఉన్నారు. బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో మహావృత్త దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. అదే నెల 15న శంషాబాద్ నుంచి షికాగోకు కూడా, సుమారు 13,280 కిలోమీటర్ల దూరానికి, నేరు విమానం మొదలైంది. అది నిలిచిపోవడం మన ప్రాంతం వారికి పెద్ద లోటని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మూడోది గాలి, మీరు చూసిన దారికి అసలు కారణం అదే. 2015 డిసెంబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మొదలైనప్పుడు విమానాలు రెండు వైపులా అట్లాంటిక్ మీదుగానే వెళ్లేవి, ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో, ఢిల్లీ నుంచి వెళ్లే విమానాన్ని మాత్రం పసిఫిక్ మీదుగా మళ్లించారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా జెట్ స్ట్రీము వెనక నుంచి తోయడం వల్ల ప్రయాణం 14 గంటల 30 నిమిషాలలో ముగిసింది, దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి. వెళ్లేటప్పుడు తూర్పుకు, వచ్చేటప్పుడు కూడా తూర్పుకే రావడం వల్ల ఆ విమానం ఒక్క రానుపోను ప్రయాణంలో భూమిని పూర్తిగా చుట్టివచ్చేది. దగ్గరి దారి వేరు, తొందరగా చేర్చే దారి వేరు అన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

దారి ప్రతిరోజూ ఒకటే ఉండదు. గాలి బలహీనంగా ఉండే నెలల్లో రష్యా తూర్పు అంచు మీదుగా ఉత్తరంగా పోయే దారి మేలు కావచ్చు. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరిన బోయింగ్ 777 ఒకటి ఇంజన్‌లో లోపం కారణంగా రష్యాలోని మగదాన్‌లో దిగవలసి వచ్చింది. ఆ ఊరు ఎక్కడుందో పటంలో చూస్తే వేసవిలో దారి ఎంత ఉత్తరంగా పోతుందో తెలుస్తుంది.

నాలుగోది దేశాల మధ్య తగవులు. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థలకు రష్యా గగనతలం మూసి ఉంది, మన సంస్థలకు తెరిచే ఉంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసింది. ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు అరేబియా సముద్రం వైపు చుట్టు తిరగవలసి వచ్చింది, ఉత్తర అమెరికా సర్వీసులు కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనూ కోపెన్‌హేగన్‌లోనూ ఆగాయి. తూర్పు దారిన పోయే మీ వాళ్ల విమానానికి దీనివల్ల ఇబ్బంది లేదు. తిరుగు టికెట్టు కొనేటప్పుడు మాత్రం ఆ రోజుకు మధ్యలో ఆగే ఏర్పాటు ఏమైనా ఉందేమో తప్పక చూసుకోండి.


మిల్పిటాస్ మామయ్య — నవంబరు 21

టికెట్టు చదివేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది, అది కూడా చెప్పుకుంటే బాగుంటుంది. బయలుదేరే వేళ, చేరే వేళ ఎప్పుడూ ఆయా ఊళ్ల గడియారం ప్రకారమే ఉంటాయి. ఢిల్లీలో తెల్లవారుజామున 3:55కు ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు ఉదయం 5:55కు దిగుతారని ఉంటే, మా అక్కయ్య "రెండు గంటలేనా!" అని ఆశ్చర్యపోయింది. చలికాలంలో ఇక్కడి గడియారం మన గడియారానికి 13 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. ఆ రెండు గంటలకు ఇది కలిపితే 15 గంటల 30 నిమిషాలు.

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా 12 గంటల 30 నిమిషాలే. కాబట్టి వాళ్లు జనవరిలో వచ్చి జూన్‌లో తిరిగి వెళితే, రెండు లెక్కలకూ ఒకే తేడా వాడకూడదు. తిరుగు ప్రయాణంలో తేదీ కూడా మారుతుంది. ఇంట్లో ఎవరైనా ఎదురు రావాలంటే తేదీని ఒకటికి రెండుసార్లు చూసి చెప్పండి. మేము ఒకసారి ఒక రోజు ముందే శంషాబాద్‌కు కారు పంపించాము.


చల్లటి స్టెతస్కోపు — నవంబరు 21

వైద్యురాలిగా ఒక మాట. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ఏ ప్రయాణంలోనైనా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం కొంత పెరుగుతుంది, వయసుతో అది మరికొంత పెరుగుతుంది. 15 గంటలు ఒకే సీటులో ఉండేవారు మెలకువగా ఉన్నప్పుడల్లా గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్న చోటే పాదాలను పైకీ కిందికీ ఆడించాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. ఇదివరకు గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, ఈమధ్యనే శస్త్రచికిత్స జరిగినవారు ముందే తమ డాక్టరును కలవాలి. దారి ఎంచుకునేటప్పుడు మొత్తం గంటలతో పాటు ఏకబిగిన కూర్చోవలసిన గంటలను కూడా చూడండి. మందుల వేళల్ని విమానంలో ఉన్నంతసేపూ భారత కాలం ప్రకారమే పాటించడం తేలిక.


ఫ్రీమాంట్ అమ్మాయి — నవంబరు 23

ఢిల్లీ మీదుగా టికెట్లు కొన్నాను. కృష్ణలంక గారి మాట చాలా ఆలోచించాను. దుబాయ్ నుంచి కూడా ఏకబిగిన దాదాపు 16 గంటలు కూర్చోవలసిందే కాబట్టి డాక్టరుగారు చెప్పిన దాని ప్రకారం రెండు దారులకూ పెద్ద తేడా లేదు. మిగిలింది మధ్యలో ఆగే సమయం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చక్రాల కుర్చీ కోసం ఎదురుచూడాలి, మొదటి విమానం గంట ఆలస్యమైతే రెండు గంటల వ్యవధి చాలదు. ఐదు గంటలు ఎక్కువే అయినా, హిందీ వచ్చిన నాన్నగారికి ఢిల్లీలో అడిగి తెలుసుకోవడం సులువు.


ఫ్రీమాంట్ అమ్మాయి — జనవరి 14

అమ్మానాన్నలు క్షేమంగా చేరారు. నాన్నగారు దారిపొడుగునా చిన్న నోటు పుస్తకంలో వేళలు రాసుకున్నారు. మీ అందరికీ చూపించమని ఆయనే అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కూకట్‌పల్లిలో ఇల్లు వదిలింది సాయంత్రం 4:30. శంషాబాద్‌లో విమానం గేటు వదిలింది రాత్రి 8:40, చక్రాలు నేల విడిచింది 8:58, ఢిల్లీలో నేలను తాకింది 10:44, గేటు చేరింది 10:55. అంటే టికెట్టు ప్రకారం 2 గంటల 15 నిమిషాల ప్రయాణంలో గాలిలో ఉన్నది గంటా 46 నిమిషాలు. ఢిల్లీలో గేటు వదిలింది 4:03, చెప్పిన వేళకు ఎనిమిది నిమిషాలు ఆలస్యం. నేల విడిచింది 4:26. శాన్‌ఫ్రాన్సిస్కోలో నేలను తాకింది అక్కడి కాలం 5:31, గేటు చేరింది 5:43. గాలిలో 14 గంటల 35 నిమిషాలు, గేటు నుంచి గేటుకు 15 గంటల 10 నిమిషాలు. ఫ్రీమాంట్‌లో మా గుమ్మం తొక్కింది ఉదయం 7:20. ఇంటి నుంచి ఇంటికి 28 గంటల 20 నిమిషాలు.

జపాన్ దాటుతున్నప్పుడు తెర మీద వేగం 1,120 కిలోమీటర్లు కనిపించిందట. ఆ అంకె కింద రెండు గీతలు గీసి, "గాలి" అని రాసుకున్నారు. ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరినది పన్నెండు నిమిషాలు ముందుగా ఎలా చేరిందో అడగమన్నారు.


రన్‌వే_09 — జనవరి 15

ఆ పుస్తకాన్ని మా ఆఫీసులో చూపించాలనిపిస్తోంది. టికెట్టు మీద వేసే సమయం ఏ ఒక్క రోజుదీ కాదు. ఆ కాలమంతటా వీచే గాలులనూ, రన్‌వే దగ్గర పట్టే ఆలస్యాలనూ చూసి, ఎక్కువ రోజులు వేళకు చేరేటట్టు కొన్ని నిమిషాలు కలిపి నిర్ణయిస్తారు. ఆయన ప్రయాణించిన రోజు గాలి సగటు కన్నా బాగా ఉంది. డిపోలో కూడా టైమ్‌టేబుల్ వేసేటప్పుడు వానలకూ జాతరలకూ కొంత వెసులుబాటు ఉంచేవారే కదా, ఆయనకు ఇది కొత్త సంగతి కాదు.

తిరుగు ప్రయాణం జూన్‌లో అయితే ఎదురుగాలి జనవరిలో ఉన్నంత బలంగా ఉండదు. అప్పుడు కూడా వేళలు రాయమని నా మాటగా చెప్పండి. గేటు వదిలిన వేళ, నేల విడిచిన వేళ, నేలను తాకిన వేళ, గేటు చేరిన వేళ: ఈ నాలుగూ ఉంటే చాలు, గాలి ఎంత లాక్కుందో లెక్క కట్టి ఇక్కడే రాస్తాను.